ఒక్కసారే అడుగుతారు

ఉమెయొ,
ఫిబ్రవరి మొదటి వారం

ప్రియమైన మహీన్ పిన్నికి,

మొన్న ఫోనులో నేను అంతగా అరిచినా నీకు ఒక్క ముక్క చేరలేదు. మీ కింది వాటాలో ఉండే బెంగ్ట్‌కి మాత్రం నా ఉద్యోగం సంగతులన్నీ తెలిసిపోయి ఉంటాయి. చివరికి నువ్వు "నా చెవిలో శంఖం ఊదకే, ఉత్తరం రాయి" అని పెట్టేశావు. మెసేజ్ పెడతానంటే బొటనవేలితో రాసే ప్రేమ నీకొద్దన్నావు. సరే, ఇదిగో కలం. నా దస్తూరీ చదవలేక కళ్ళు కూడా పోతే నన్ననకు.

ఈ స్వీడన్‌లో నాకిది రెండో చలికాలం. మంచుని చూసి ఫొటోలు తీసుకునే దశ దాటి మంచుని తిట్టుకునే దశకి వచ్చాను. ఆఫీసులో బాగానే ఉంది. మాది చెక్కతో ఏడెనిమిది అంతస్తుల ఇళ్ళు కట్టే కంపెనీ అని చెప్పాను కదా. ఏ దూలం ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టడం నా పని. యజమాని హోకన్ మంచివాడు. రోజుకి పది వాక్యాలు మాట్లాడితే అలసిపోతాడు.

నా పర్మిట్ సెప్టెంబరుతో అయిపోతుంది. ఈ రెండేళ్ళూ హోకన్ కంపెనీలో తప్ప వేరేచోట పని చేయకూడదు. తరవాతి పర్మిట్ ఏ కంపెనీ పేరు పెట్టి అడిగితే ఆ కంపెనీకి కట్టుబడాలి. అది రాకపోతే పెట్టె సర్దుకుని ఇరాన్‌కి, మన షిరాజ్‌కి వెళ్ళిపోవడమే. అందుకని ఎవరూ వేలెత్తి చూపకుండా పని చేస్తున్నాను. వచ్చినప్పటి నుంచీ ఒక్క వారం కూడా సెలవు తీసుకోలేదు తెలుసా! పోయిన వేసవిలో హోకన్ నా బల్ల దగ్గరికొచ్చి అడిగాడు.

"సెపిదే, నీకు సెలవులు ఎప్పుడు కావాలి?"

"అయ్యో, నాకెందుకండీ! పిల్లలున్నవాళ్ళని ముందు వెళ్ళనివ్వండి. నాదేముంది, ఎప్పుడైనా ఫరవాలేదు."

"ఎంత మంచిదానివి!" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చి బతిమాలతాడని చూశాను. రాలేదు. జూలై అంతా ఆఫీసులో నేనొక్కదాన్నే కూర్చుని అందరి పూలకుండీలకీ నీళ్ళు పోశాను. దాంతో నామీద వాళ్ళకి ఎంత గౌరవం పెరిగి ఉంటుందో!

ఇంకో సంగతి. నవంబరులో ఒక సభకి వెళ్ళాను. మీ గోథెన్‌బర్గ్‌లో వంతెనలు కట్టే కంపెనీ ఆవిడ, గునిల్లా అని, నా ప్రసంగం విని దగ్గరికొచ్చింది. "మా దగ్గర ఒక చోటుంది, వేసవి తరవాత వస్తావా?" అంది. పిన్నీ, వంతెనలు! షిరాజ్‌లో నీళ్ళు లేని నది మీద వంతెనలన్నీ దాటుకుంటూ బడికెళ్ళినదాన్ని. నా గుండె గంతులేసింది. నోరు మాత్రం "అబ్బే, నేనంతటిదాన్ని కాదండీ, నాకంటే మంచివాళ్ళు మీకు బోలెడుమంది దొరుకుతారు" అంది. ఆవిడ "అలాగా, సరే" అని కాఫీకి వెళ్ళిపోయింది. రెండోసారి అడగడానికి వీలుగా ఉంటుందని సాయంత్రం దాకా ఆ కాఫీ మిషను పక్కనే నిలబడ్డాను. ఆవిడ మూడుసార్లు కాఫీ పట్టుకుంది, చిరునవ్వు కూడా నవ్వింది, అడగలేదు. మళ్ళీ రాస్తుందంటావా?

మార్చిలో మన కొత్త సంవత్సరం, నౌరోజ్ పండక్కి నీ దగ్గరికి రానా?

నీ
సెపిదే

*

గోథెన్‌బర్గ్,
ఫిబ్రవరి చివర

నా పిచ్చి సెపిదేకి,

నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను. నవ్వు నాకు వినబడలేదు గానీ కింద బెంగ్ట్ కర్రతో కప్పు మీద కొట్టాడు.

గునిల్లా మళ్ళీ రాయదు. హోకన్ మళ్ళీ అడగడు. రాసిపెట్టుకో, ఈ దేశంలో ఒక్కసారే అడుగుతారు. మన ఇళ్ళలో వద్దన్నకొద్దీ పెడతారు, మూడోసారికి గానీ పుచ్చుకోకపోవడం మర్యాద. ఇక్కడ అడగందే అమ్మైనా పెట్టదు. వద్దంటే నిజంగానే వద్దనుకుని, పాపం, నీ మాటకి విలువిచ్చి పళ్ళెం తీసేస్తారు. నేనొచ్చిన కొత్తలో కాఫీ వేళకి దాల్చినచెక్క బన్నులు నా ముందుకొచ్చేవి. "ఇప్పుడే తిన్నానండీ" అనేదాన్ని. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టి ఉండను. పళ్ళెం అటే వెళ్ళిపోయేది. అలా ఎన్ని బన్నులు నా కళ్ళెదుట నడిచిపోయాయో! ఇంట్లోనైతే మీ అమ్మా నేనూ అన్నం అడుగున ఎర్రగా వేగిన చెక్క ఉంటుందే, దాని ఆఖరి ముక్కని ఒకరి పళ్ళెంలోకి ఒకరం తోసుకునేవాళ్ళం. మా నాన్న మధ్యలో ఎత్తుకుని తినేసేవారు. ఆయన స్వీడన్‌లో పుట్టవలసిన మనిషి.

బెంగ్ట్ సంగతే చూడు. ఇద్దరం ఒకే రూటులో ట్రామ్ నడిపేవాళ్ళం. ఒక శుక్రవారం డిపోలో "ఆదివారం దీవులకి పడవలో వెళ్తున్నాను, వస్తావా మహీన్?" అన్నాడు. "అబ్బే, మీకెందుకు శ్రమ" అన్నాను. "శ్రమేమీ లేదు, అయినా సరే" అని కుక్కని తీసుకుని వెళ్ళాడు. నేను ఆదివారం పొద్దున్నే కొత్త గౌను ఇస్త్రీ చేసుకుని కూర్చున్నాను. ఆ కుక్క పోయింది. దాని తరవాతి కుక్కా పోయింది. రెండోసారి అడగలేదు.

ఇప్పుడు నవ్వు ఆపి విను. సెలవు తీసుకోకపోవడం ఇక్కడ గొప్ప కాదు. యజమాని సెలవు ఇచ్చి తీరాలి, పనివాళ్ళు పుచ్చుకుని తీరాలి. పర్మిట్ ఇచ్చేవాళ్ళు జీతం సరిగా ఇచ్చారా, బీమా కట్టారా, సెలవు ఇచ్చారా అని చూస్తారు. నువ్వేమో పూలకుండీలకి నీళ్ళు పోసి మురిసిపోతున్నావు. వాళ్ళ కంటికి నువ్వు బుద్ధిమంతురాలివి కావు. ఎవరో నిన్ను పీల్చి పిప్పి చేస్తున్నారనుకుంటారు. మొహమాటానికి పోతే కడుపైందట ఎవరికో. వెంటనే హోకన్‌ని అడిగి సెలవు తీసుకో.

నౌరోజ్‌కి రాకు. అంత దూరం రైలులో పడి రావడం దేనికి? చెవిటి ముసలిదాంతో నీకేం కాలక్షేపం? నాకేమీ లోటు లేదు.

మహీన్ పిన్ని

*

ఉమెయొ,
మార్చి ఆఖరు

ప్రియమైన పిన్నికి,

నౌరోజ్ శుభాకాంక్షలు, ఆలస్యంగా. నువ్వు రావద్దన్నావు కాబట్టి రాలేదు. చూశావా ఎంత తొందరగా నేర్చుకున్నానో! వద్దంటే వద్దే. పండగ ఆనవాయితీ తప్పకుండా కిటికీలో ఒక పళ్ళెంలో గోధుమ మొలకలు పెంచాను. వెలుతురు చాలక అవీ నాలాగే పాలిపోయాయి.

నీ పాఠం ముందు బన్నుల మీద ప్రయోగించాను. పళ్ళెం నా ముందుకి రాగానే "తీసుకుంటాను" అన్నాను.  ఎవరూ నన్ను తిండిపోతు అనుకోలేదు. ధైర్యం వచ్చి రెండోది కూడా తీశాను. అప్పుడు మాత్రం అందరూ చూశారు. రెండోది తీసుకోకూడదా పిన్నీ? ఆ సంగతి నువ్వు రాయలేదే!

తరవాత హోకన్ దగ్గరికి వెళ్ళాను.

"హోకన్, నాకు సెలవు కావాలి. పోయినేడాదిది కూడా."

"పోయినేడాది నువ్వు తీసుకోలేదా?"

"లేదు."

"అస్సలు?"

"అస్సలు."

అతని మొహం తెల్లబోయింది. అంతకుముందే తెల్లగా ఉండే మనిషి, ఇంకెంత తెల్లబడతాడో అప్పుడే చూశాను. "నేను అడిగాను కదా! నువ్వు వద్దన్నావు!" అన్నాడు.

"అన్నాను. కానీ వద్దని కాదు."

అతను అడిగాడు: "మరి నిజంగా వద్దనుకుంటే మీవాళ్ళు ఏమంటారు?"

ఆలోచించాను పిన్నీ. నిజంగా నాకూ తెలియలేదు.

నేను సెలవు తీసుకున్నానో లేదో చూసుకోవలసిన పూచీ తనదేనట. తలపట్టుకున్నాడు. వచ్చే సోమవారం నుంచి ఆఫీసు ఛాయలకి రావద్దన్నాడు. వెళ్తూ వెళ్తూ, "నీ కొత్త పర్మిట్ కాగితాలు నేనే చూసుకుంటాను. ఇక్కడే ఉంటావు కదా?" అని అడిగాడు. నేను "అయ్యో, తప్పకుండా!" అన్నాను. నోరు ఊరుకోదే! బన్నుల దగ్గర నేర్చుకున్నది అక్కడికి పనికిరాలేదు. ఇప్పుడు వంతెనలు గొంతులో అడ్డం పడ్డాయి. హోకన్‌కి నిజం చెప్పాక గునిల్లా దగ్గర చోటు లేదంటే రెంటికీ చెడ్డ రేవడినవుతాను. చెప్పకపోతే ఇంకో రెండేళ్ళు దూలాలే. ఏం చేయను?

నీ
సెపిదే

*

గోథెన్‌బర్గ్,
ఏప్రిల్

సెపిదేకి,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. చాలా మంచిదైంది. ఆ రోజంతా వాన. అలవాటుకొద్దీ చేపా, ఆకుకూరల అన్నం ఇద్దరికి సరిపడా వండాను. మిగిలింది బెంగ్ట్‌కిచ్చాను. వద్దనలేదు. వాళ్ళకి చేతకాదు. అడుగుచెక్క మొత్తం నేనే తిన్నాను. పోటీ పడేవాళ్ళు లేకపోతే దానికి రుచి లేదు. సరే, ఆ సంగతి వదిలేయ్.

ట్రామ్‌కి స్టీరింగ్ ఉండదు. అందుకని ఎక్కినవాళ్ళంతా డ్రైవరు ఊరికే కూర్చుంటుందనుకుంటారు. కూడలి వచ్చేముందు ఏ పట్టా ఎక్కాలో చూసుకుని మీట నొక్కాలి. దాటాక నొక్కి ఏడ్చి లాభం లేదు. నీ కూడలి సెప్టెంబరు. హోకన్ దగ్గరే ఉంటే దారి సులువు, నిజమే. కొత్త కంపెనీ అంటే వాళ్ళు ఇంకాస్త గుచ్చి గుచ్చి చూస్తారు. భయం వేస్తే వేయనీ. కానీ నీకు వంతెనలు కావాలా వద్దా అన్నది నాకు తెలుసు. నీ మొదటి ఉత్తరంలో దూలాలకి ఒక్క వాక్యం రాశావు, వంతెనలకి పేరా రాశావు.

కలం తీసుకుని గునిల్లాకి రాయి. "మీ దగ్గర పని చేయాలని ఉంది. ఆ చోటు ఇంకా ఖాళీగా ఉందా?" అంతే. "మీ అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించండి" అని మొదలెట్టావంటే ఆవిడ క్షమించేసి ఊరుకుంటుంది. "నాకు అర్హత లేకపోయినా" అని రాశావంటే నమ్మేస్తుంది.

జవాబు రాగానే హోకన్‌కి చెప్పు. చాటుగా ఏమీ చేయకు. మంచివాడంటున్నావు.

రెండో బన్ను తీసుకోకూడదు. అది కూడా చెప్పాలా?

మహీన్ పిన్ని

*

ఉమెయొ,
మే రెండో వారం

నా బంగారు పిన్నికి,

సెలవులో ఉన్నాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం దూలాల లెక్కల కంటే కష్టంగా ఉంది. నది మీద మంచు పగులుతుంటే రోజూ వెళ్ళి చూసొస్తున్నాను. ఇక్కడ ముసలాళ్ళు కూడా అదే పని మీద వస్తారు. వాళ్ళతో స్నేహమైంది. ఎవరం మాట్లాడుకోం.

గునిల్లాకి ఉత్తరం రాశాను. మొదటి రకం ఒకటిన్నర పేజీ వచ్చింది. అందులో ఆవిడ ఆరోగ్యం, వాళ్ళ కుటుంబం క్షేమం కూడా అడిగాను. కోస్తూ కోస్తూ వస్తే ఆఖరికి నువ్వు చెప్పిన రెండు వాక్యాలే మిగిలాయి. బట్టలు లేకుండా వీధిలోకి వెళ్ళినట్టు సిగ్గేసింది. కళ్ళు మూసుకుని మెయిల్‌లో పంపించాను. మర్నాడే జవాబు: "ఉంది. సెప్టెంబరులో చేరు. నవంబరులో ఎందుకు వద్దన్నావు? అప్పటి నుంచీ వెతుకుతూనే ఉన్నాం." పిన్నీ, వెతుకుతూనే ఉన్నారట!

సెలవులో ఆఫీసుకి రావద్దన్నాడు కదా, అందుకని హోకన్‌ని వీధిలోకి పిలిచాను.

"హోకన్, నేను ఇక్కడ ఉండను. గోథెన్‌బర్గ్‌లో వంతెనల పనికి వెళ్తాను. ఉంటానని మొన్న మొహమాటానికి అన్నాను, తప్పు నాదే."

అతను నా మొహంలోకి అనుమానంగా చూశాడు. "ఇది మామూలు వద్దా, మీ వద్దా?"

"మామూలు వద్దు."

తల ఊపాడు. చాలాసేపు ఊపాడు. "పోయినేడాది రెండుసార్లు అడగాలని తెలిస్తే అడిగేవాణ్ణి కదా" అన్నాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. నేను ఏడ్చేశాను. ఏడ్చేవాళ్ళతో ఏం చేయాలో అతనికి తెలియదు. గబగబా లోపలికి వెళ్ళి బన్నుల పళ్ళెం పట్టుకొచ్చాడు. "రెండు తీసుకో" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఈ దేశంలో ఎవరూ నాతో అనలేదు.

గునిల్లా పేరు పెట్టి పర్మిట్‌కి దరఖాస్తు చేశాను. ఇక నీ ఊరే, నీ ట్రాములే. నీ దగ్గర గది ఒకటి ఖాళీగా ఉందని అమ్మ ఎప్పుడో అన్నట్టు గుర్తు.

నీ
సెపిదే

*

గోథెన్‌బర్గ్,
మే ఆఖరు

సెపిదేకి,

శభాష్. హోకన్ పెళ్ళి కాకుండా మిగిలిపోయినవాడైతే చెప్పు, షిరాజ్‌లో మంచి సంబంధాలున్నాయి.

గది ఖాళీ లేదు. పాత సామానుతో నిండిపోయింది. దుమ్ము. నీకు ఇబ్బంది. పిల్లలు పిల్లలతో ఉంటేనే బాగుంటుంది, గునిల్లాని అడిగి ఏదైనా ఇల్లు చూసుకో. నాకోసం ఈ ఊరు వస్తున్నానని మాత్రం అనుకోకు. నాకేం తక్కువ.

మహీన్ పిన్ని

*

ఉమెయొ,
జూన్ మధ్య

పిన్నీ,

సామాను సంగతి అర్థమైంది. ఇల్లు చూసుకుంటున్నాను. ఇప్పుడు ఉండబోయే ఇంటి కంటే పెద్ద బెంగ వచ్చి పడింది.

పర్మిట్ ఆఫీసు నుంచి ప్రశ్న వచ్చింది. పోయినేడాది సెలవు ఎందుకు తీసుకోలేదో చెప్పాలట. నువ్వన్నట్టే జరిగింది. నేను గొప్పగా పోసిన నీళ్ళు నా నెత్తినే పడ్డాయి. హోకన్ తన వంతుగా ఒక సంజాయిషీ రాసిచ్చాడు. నేను వెళ్ళిపోతున్నా రాసిచ్చాడు చూడు, దేవుడు అతన్ని చల్లగా చూడాలి. కానీ ఏం రాశాడో తెలుసా? "నేను సెలవు ఇవ్వబోయాను. ఆమె వద్దంది. ఆమె వద్దన్నది వద్దని కాదని ఈ మార్చిలో తెలిసింది." చదివినవాళ్ళు ఇద్దరం తాగి రాశామనుకోరూ?

నేనేం రాయాలి? మా దేశంలో వద్దంటే ఇంకోసారి అడగమని అర్థం, అతను అడగలేదు, అందుకని జూలై అంతా పూలకుండీల మధ్య కూర్చున్నాను అని రాయనా? తలచుకుంటే నవ్వొస్తుంది. ఆ వెంటనే భయమేస్తుంది. వాళ్ళు కాదంటే అంతే పిన్నీ. గునిల్లా ఎంత కావాలనుకున్నా, హోకన్ ఎంత మంచివాడైనా, నేను వెళ్ళిపోవాలి. ఒక మర్యాద మాటకి వంతెన కూలిపోయిందని షిరాజ్‌లో ఎవరికి చెప్పుకోను? నాకు ఇక్కడ ఉండాలని ఉంది. ఈ మాట ఇంత సూటిగా ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా.

త్వరగా రాయి.

సెపిదే

*

గోథెన్‌బర్గ్,
జూన్, ఉత్తరం అందిన రోజే

సెపిదే తల్లీ,

ఇప్పుడు నాకు రాశావే, "ఇక్కడ ఉండాలని ఉంది" అని, ఆ మాటతో మొదలుపెట్టు. తరవాత జరిగింది జరిగినట్టు రాయి. ఇంటి మర్యాద వల్ల వద్దన్నానని, యజమాని బలవంతం ఏమీ లేదని, తెలిసిన వెంటనే ఇద్దరం సరిచేసుకున్నామని, ఆ సెలవంతా ఇప్పుడు తీసుకున్నానని. హోకన్ రాసింది పిచ్చిగా ఉంది కాబట్టే నిజంలా ఉంది. అబద్ధం ఆడేవాళ్ళు ఇంతకంటే నున్నగా రాస్తారు. వాళ్ళని పొగడకు. చివర్న కృతజ్ఞతలు ఒక్కసారే చెప్పు. నా మాట విని ధైర్యంగా ఉండు. నువ్వు చేసింది పొరపాటు, నేరం కాదు. అది చదివేవాళ్ళూ మనుషులే.

ఇంకో చిన్న మాట. ఆగస్టు చివర్లో నేను ఊళ్ళో ఉండను. ఏదో చిన్న పని. కాబట్టి నువ్వొచ్చేసరికి కలవడం కుదరకపోవచ్చు. కంగారేమీ లేదు. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయకపోయినా ఫరవాలేదు. నీకు బోలెడు పనులుంటాయి.

నీ
మహీన్ పిన్ని

*

ఉమెయొ,
జూలై ఆఖరు

ప్రియమైన, అబద్ధాలకోరు మహీన్ పిన్నికి,

ముందు మంచి కబురు. పర్మిట్ వచ్చింది! హోకన్ వాళ్ళ చెరువు ఒడ్డు ఇంటికి రమ్మంటే, అడిగిన మొదటిసారే వస్తానని వెళ్ళాను. దోమలు నన్ను విందు భోజనంలా ఆరగిస్తుంటే ఫోనుకి పర్మిట్ ఆఫీసు మెయిల్ వచ్చింది. దేశమంతా సెలవులో ఉండే జూలైలో ఆ ఆఫీసులో కూడా ఎవరో నాలాంటివాళ్ళు పూలకుండీలకి నీళ్ళు పోస్తూ కూర్చున్నారన్నమాట. సంజాయిషీ సరిపోయిందనీ లేదు, చాలలేదనీ లేదు. పర్మిట్ ఇచ్చాం, అంతే. హోకన్‌కి చూపిస్తే చొక్కాతోనే చెరువులోకి దూకాడు. ఇన్నాళ్ళూ అతను భయపడుతున్నాడని నాకు తెలియనే లేదు.

వెంటనే అమ్మకి ఫోను చేశాను. అమ్మ ఏడ్చి, నవ్వి, ఆ ఊపులో "ఇంక నువ్వు అక్కడుంటే చెల్లి ఆపరేషన్ గురించి నాకు బెంగ లేదు" అంది. ఏ ఆపరేషన్ అన్నాను. అమ్మ నాలుక కరుచుకుంది.

చెవికి ఆపరేషన్. ఆగస్టు చివర. ఇదేనా నీ చిన్న పని? ఊళ్ళో ఉండకపోవడమంటే ఆస్పత్రిలో ఉండటమా?

నీ ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. నౌరోజ్‌కి రాకు అన్నావు. ఇద్దరికి సరిపడా వండావు. గదిలో సామాను ఉందన్నావు. నాకేం తక్కువ అన్నావు. గునిల్లాని, హోకన్‌ని, బన్నుల్ని చూపించి నాకు పాఠం చెప్తూ, పక్క పేరాలో నాతోనే మూడుసార్లు వద్దన్నావు! నేనొక మొద్దుని. కొత్తగా నేర్చుకున్న పాఠం గురువు మీదే ప్రయోగించి, పండగ నాడు నిన్ను ఒంటరిగా కూర్చోబెట్టాను. అది తలుచుకుంటే నాకు ఏడుపొస్తోంది. నీ మీద కోపం కూడా వస్తోంది.

సరే, ఇప్పుడు నువ్వు నేర్పినట్టే అడుగుతాను. ఆగస్టులో నేను వచ్చి ఆస్పత్రిలో నీ పక్కన ఉండనా? ఆ తరవాత నీ గదిలో ఉండనా? అవునో కాదో రాయి. కాదంటే కాదనే అనుకుంటాను. గునిల్లా ఒక ఇల్లు చూసి పెట్టింది, అందులో దిగిపోతాను. బతిమాలను. రెండోసారి అడగను.

సెపిదే

*

గోథెన్‌బర్గ్,
ఆగస్టు

సెపిదే,

అవును.

రా.

ఈ రెండు ముక్కలకి ఎన్ని కాగితాలు పాడయ్యాయో చెప్తే నవ్వుతావు. "నీకు వీలైతే" అని రాసి చించేశాను. "నీకు శ్రమ లేకపోతే" అని రాసి చించేశాను. ఒకదాంట్లో నువ్వు రాకపోయినా ఏమీ అనుకోనని రాశాను. దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేశాను, ఎందుకంటే అది పచ్చి అబద్ధం.

నౌరోజ్ నాడు వద్దన్నది నేనే. నువ్వు రావని తెలుసు. అయినా కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ట్రామ్ ఆగినప్పుడల్లా దిగేవాళ్ళని చూశాను. చేప చల్లారిపోయింది. ఈ పిల్ల అప్పుడే స్వీడన్‌దైపోయిందని నిన్ను తిట్టుకున్నాను కూడా. నేర్పిందెవరో మరిచిపోయాను.

నాకు భయంగా ఉంది తల్లీ. ఆపరేషన్ గురించి కాదు. చెవిలో అమర్చే పరికరం పని చేయడం మొదలెట్టాక మొదట్లో గొంతులన్నీ రేకు డబ్బా చప్పుడులా వినిపిస్తాయట. మెల్లగా సర్దుకుంటాయట. ఆ మొదటి గొంతు ఎవరో నర్సుది కాకుండా మనింటి గొంతు అయితే బాగుండునని ఉంది. నా పేరు మన భాషలో పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. రేకు డబ్బాలా వినిపించినా నువ్వే పిలువు.

బెంగ్ట్ చేత గదిలో సామానంతా కిందికి దింపించాను. మంచం వేశాడు, కిటికీ తుడిచాడు. అతను చేతులు కడుక్కుంటుంటే ఇంతదాకా వచ్చాక ఇదీ అయిపోనీ అని, "ఈ ఆదివారం దీవులకి పడవలో వెళ్దామా?" అని అడిగాను. "సరే" అన్నాడు. అంతే. ఇంత సులువని ఇన్నేళ్ళుగా నాకెవరూ చెప్పలేదేమిటే?

నువ్వొచ్చిన రోజు అన్నం వండుతాను. అడుగుచెక్కలో పెద్ద ముక్క నీది. తీసుకుంటావా?

ఒక్కసారే అడుగుతున్నాను.

నీ
మహీన్ పిన్ని